స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ బుష్‌లు మార్చడం: ఎక్కడ గట్టివి వెయ్యాలి, ఎక్కడ వద్దు, ఎలా బిగించాలి

మంచి టైర్లు, మంచి షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేసినా బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు కారు ముక్కు పక్కకి లాగుతోందా? మలుపులో స్టీరింగ్ తిప్పాక వెనక భాగం క్షణం ఆలస్యంగా కుదురుకుంటోందా? అయితే చూడాల్సింది బుష్‌లనే, అంటే చక్రాన్ని పట్టుకునే ఆర్ములు (సస్పెన్షన్ కడ్డీలు) కారుకి తగిలే కీళ్లలో ఉండే దిండ్లనే. తక్కువ ఖర్చులో కారు నడకని ఎక్కువగా మార్చే పని ఇది. తప్పుగా చేస్తే కారుని పాడు చేసేదీ ఇదే. అన్నిచోట్లా దొరికినంత గట్టి బుష్‌లు వేసేస్తే చాలనుకోవద్దు. ఒక్కో బుష్ ఏ దిక్కున కదలాలో, ఏ దిక్కున కదలకూడదో తెలుసుకుని దానికి తగ్గ సరుకు వెయ్యాలి. పని మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

బుష్ లోపల ఏం జరుగుతుంది

మామూలు బుష్‌లో బయట ఒక లోహపు గొట్టం, లోపల బోల్టు దూరే స్లీవ్, మధ్యలో ఈ రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి స్లీవ్ బ్రాకెట్‌కి కట్టుబడిపోతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు ఆర్మ్‌తో పాటు బయటి గొట్టం తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలితిరుగుతుంది. ఇందులో ఏదీ జారదు, రాసుకోదు. గ్రీజు అక్కర్లేదు, చప్పుడూ రాదు. గుర్తుపెట్టుకోండి, దీన్ని బట్టే బిగించే పద్ధతి ఉంటుంది.

మెలితిరిగే రబ్బరే ముందుకీ వెనక్కీ, పక్కలకీ కూడా నలుగుతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ లోపలికి తగలకుండా చేసేది ఆ మెత్తదనమే. కారు ఖచ్చితత్వం పోయేదీ అక్కడే. ఒక లెక్క చూడండి. వెనక టో లింక్ (చక్రం ఎటు చూడాలో పట్టి ఉంచే కడ్డీ) హబ్‌కి, అంటే చక్రం బిగించే భాగానికి, తగిలే చోటు చక్రం పక్కకి తిరిగే ఇరుసు గీతకి 150 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. ఆ లింక్ బుష్ బరువు మీద 1 మి.మీ. నలిగితే చక్రం దాదాపు 0.38 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది. చాలా కార్లలో ఒక్కో వెనక చక్రానికి పెట్టే టో-ఇన్ (చక్రం ముందు అంచు లోపలికి తిరిగి ఉండే కోణం) 0.1 నుంచి 0.2 డిగ్రీలే ఉంటుంది. అంటే అలైన్‌మెంట్ మెషీన్ మీద ఎంత జాగ్రత్తగా పెట్టిన సెట్టింగైనా మలుపులో ఒక్క మిల్లీమీటరు రబ్బరు వల్ల చెల్లకుండా పోతుంది.

ముందు పరీక్ష, తర్వాతే కొనుగోలు

కారుని ఎత్తి స్టాండ్ల మీద పెట్టాక, పొడవాటి ఇనుప కడ్డీని ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ (ఆర్ములు తగిలే అడుగు చట్రానికీ) మధ్య దూర్చి బుష్ దగ్గర మెల్లగా ఒత్తండి. రబ్బరు కొంచెం సాగి వెనక్కి రావడం మామూలే. స్లీవ్ గొట్టంలో ఓ పక్కకి జారి ఉండిపోతే, అంచున పగులు రబ్బరు మందంలో మూడో వంతు దాటితే, రబ్బరుకీ లోహానికీ మధ్య సందు కనిపిస్తే, ఆ బుష్ పని అయిపోయింది. లోపల ద్రవం నింపిన బుష్‌లు కొన్ని ఉంటాయి. వాటి కింద నల్లటి జిడ్డు కారిన మరక కనిపిస్తే లోపలి ద్రవం పోయినట్టే. అలాంటివి చూడ్డానికి బాగానే ఉన్నా చేతికి వదులుగా ఊగుతాయి.

ఇదే సమయంలో బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, చక్రం బేరింగ్ కూడా ఆడించి చూడండి. వదులైన బాల్ జాయింట్ పక్కన కొత్త బుష్ పెడితే డబ్బు దండగ.

పాత కారైతే ఇంకో మాట. పదిహేనేళ్ల కారులో మీకు కనిపించే మెత్తదనం చాలావరకు డిజైన్‌ది కాదు, ముదిరిన రబ్బరుది. రోజూ నడిపే కారుకి కంపెనీ ఒరిజినల్ రబ్బరు బుష్‌లు కొత్తవి వేసినా తేడా బాగా తెలుస్తుంది. ట్రాక్‌కి వెళ్లే ఉద్దేశం లేకపోతే అక్కడితో ఆగిపోవడం కూడా మంచి నిర్ణయమే.

ఏ సరుకు ఎలాంటిది

గట్టి రబ్బరు: ఒరిజినల్ ఆకారమే, రబ్బరు మాత్రం గట్టిది. లోహానికి అతుక్కునే ఉంటుంది కాబట్టి అన్ని దిక్కులా కాస్తకాస్త ఒదుగుతుంది, ఎక్కడా బిగుసుకుపోదు. మీ కారుకి దొరికితే మొదట దీన్నే ఆలోచించండి. రోడ్డు మీదా, అప్పుడప్పుడు ట్రాక్ మీదా నడిపే కారుకి ఇంతకంటే ఇబ్బంది లేని మార్గం ఇంకోటి లేదు.

పాలీయురెథేన్: అందరూ పాలీ బుష్ అనేది ఇదే. సాధారణంగా షోర్ ఏ కొలతలో 70 నుంచి 95 దాకా గట్టిదనంలో వస్తుంది. 70, 80 దరిదాపుల్లోవి రోడ్డుకి, 95 ట్రాక్‌కి. రంగు చూసి కొనొద్దు, ఒక్కో తయారీదారు ఒక్కో రంగుకి ఒక్కో అర్థం పెట్టుకున్నారు. ప్యాకెట్ మీద అంకె చూడండి. పాలీ లోహానికి అతుక్కోదు, స్లీవ్ చుట్టూ తిరుగుతుంది. అందుకే గ్రీజు తప్పనిసరి. ఒకే ఇరుసు మీద తిరిగే ఆర్మ్‌కి ఇది చక్కగా సరిపోతుంది. రెండు మూడు దిక్కులకి వాలాల్సిన చోట పెడితే ఆర్మ్ బిగుసుకుపోతుంది.

డెల్రిన్, అంటే ఎసిటాల్: పాలీ కంటే చాలా గట్టిది, దాదాపు నలగదు, నున్నగా తిరుగుతుంది. ఒకే ఇరుసు ఉన్న డబుల్ విష్‌బోన్ (పైన ఒకటి, కింద ఒకటి ఉండే రకం) ఆర్ములకి బాగుంటుంది. బోర్ (బుష్ కూర్చునే రంధ్రం) కొలత, ఇరుసు నిటారుతనం ఖచ్చితంగా లేకపోతే తిరగడం మానేస్తుంది.

స్ఫెరికల్ బేరింగ్: ఏ దిక్కుకైనా వాలుతుంది, ఏ దిక్కుకీ నలగదు. నడతకి ఇదే శిఖరం. దుమ్ము, నీళ్లు లోపలికి పోతే త్వరగా అరుగుతుంది, అరిగాక టకటకమంటుంది. రోడ్డు మీద ప్రతి చిన్న రాయీ లోపల వినిపిస్తుంది. రబ్బరు తొడుగు ఉన్నవే తీసుకోండి.

ఎక్కడ ఏది వెయ్యాలి

ఒక్కో బుష్ దగ్గర ఆగి ఆలోచించండి: చక్రం పైకి వస్తే ఈ ఆర్మ్ ఎలా కదులుతుంది? బోల్టు గీత చుట్టూ మాత్రమే తిరుగుతుందా, లేక కాస్త మెలికపడుతూ వాలుతుందా? ఒకే ఆర్మ్‌కి రెండు లోపలి బుష్‌లుండి, రెండు బోల్టులూ ఒకే గీతలో ఉంటే అది తిరుగుడు మాత్రమే. పాలీ గానీ డెల్రిన్ గానీ నిశ్చింతగా వెయ్యొచ్చు. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాల డబుల్ విష్‌బోన్‌లు ఇలాంటివే.

ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (పై ఆర్మ్ బదులు షాక్, స్ప్రింగు కలిసిన నిలువు స్తంభం) ఉన్న కార్లలో లోయర్ ఆర్మ్ వెనక బుష్‌తో మొదలుపెట్టండి. బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకుపోకుండా ఆపేది అదే. బీఎమ్‌డబ్ల్యూ ఈ36, ఈ46 ల్లో ఈ బుష్ విడిగా ఒక బ్రాకెట్‌లో ఉంటుంది. అది ఒక్కటి గట్టిపడితే బ్రేకింగ్‌లో కారు గీత తప్పదు, స్టీరింగ్ మధ్యలో స్పష్టత వస్తుంది. బదులుగా మీరు భరించాల్సింది ముందు చక్రాల మీద కాస్త గరుకుదనం.

వెనకవైపు జాగ్రత్త పడాలి. ట్రైలింగ్ ఆర్మ్ (చక్రం నుంచి ముందుకి సాగే ఆర్మ్) ముందు బుష్ దాదాపు ఎప్పుడూ రెండు మూడు దిక్కులకి వాలుతుంది. అక్కడ ఘనమైన పాలీ ముక్క పెడితే చక్రం పైకి వచ్చేకొద్దీ ఆర్మ్ బిగుసుకుని, లెక్కలో లేని స్ప్రింగులా పనిచేస్తుంది. అప్పుడు వెనక టైరు ముందస్తు హెచ్చరిక లేకుండా జారిపోతుంది. దీనికి పేరుపడ్డ ఉదాహరణ 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్. దాని వెనక ఇరుసుని పట్టుకునే పై ఆర్ములు వాలుగా అమర్చి ఉంటాయి. కారు ఒరిగినప్పుడు వాటి బుష్‌లు మెలికపడక తప్పదు. వాటిలో పాలీ వేస్తే ఇరుసు మొత్తం బిగుసుకుంటుంది. అలాంటి చోట గట్టి రబ్బరు గానీ స్ఫెరికల్ బేరింగ్ గానీ వెయ్యాలి, మధ్యేమార్గం లేదు. బీఎమ్‌డబ్ల్యూ ట్రైలింగ్ ఆర్ములకైతే కొత్త రబ్బరు బుష్ పక్కన పెట్టే లిమిటర్ వాషర్లు దొరుకుతాయి. పక్క కదలికని అవి తగ్గిస్తాయి, వాలుడికి అడ్డుపడవు.

వెనక టో లింక్ బుష్‌లు మాత్రం గట్టివి వెయ్యాల్సిందే. పైన చెప్పిన లెక్క అక్కడిదే.

కొన్ని కార్లలో మెత్తదనం కావాలని పెట్టింది. 1977లో వచ్చిన పోర్షె 928 వెనక సస్పెన్షన్‌ని, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే చక్రం టో-ఇన్ వైపు తిరిగేలా రూపొందించారు. రెండో తరం మాజ్డా ఆర్‌ఎక్స్-7లో కూడా మలుపు బలాన్ని బట్టి వెనక చక్రం తనంతట తానే టో మార్చుకునే ఏర్పాటు ఉంది, అదీ బుష్‌లతోనే. ఇలాంటి వాటిలో అరకొరగా మార్చకండి. ఆ ఏర్పాటుని పూర్తిగా తీసేసే కిట్ వెయ్యండి, లేదా దాన్ని ముట్టుకోకండి. ఎడమవైపు ఆ కదలిక ఉండి, కుడివైపు లేకపోతే కారు రెండు వైపులా రెండు రకాలుగా తిరుగుతుంది.

యాంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) బుష్‌లు తేలిక పని, పాలీకి సరైన చోటు. ఒకటే షరతు: బార్ మందం వెర్నియర్‌తో (సన్న కొలతల స్కేలుతో) కొలిచి అదే కొలత బుష్ కొనండి. 23 మి.మీ. బార్‌కి 24 మి.మీ. బుష్ వేస్తే గుంతల్లో టక్కుమంటుంది. 22 మి.మీ. ది వేస్తే బార్ తిరగక బిగుసుకుంటుంది. లింకులు విప్పి, బ్రాకెట్లు పూర్తిగా బిగించాక బార్‌ని ఒక్క చేత్తో పైకీ కిందికీ తిప్పగలగాలి.

సబ్‌ఫ్రేమ్ మౌంట్లు, డిఫరెన్షియల్ మౌంట్లు చివరికి వదిలెయ్యండి. గట్టి మౌంట్లు బరువుని తిన్నగా బాడీ రేకుకి చేరుస్తాయి. బీఎమ్‌డబ్ల్యూ ఈ46 లో వెనక సబ్‌ఫ్రేమ్ బాడీకి తగిలే చోట ఫ్లోర్ రేకు పగుళ్లు రావడం తెలిసిన సమస్యే. అక్కడ పగుళ్లు లేవని చూసుకోకుండా గట్టి మౌంట్లు వెయ్యొద్దు.

సిద్ధం చేసుకోవాల్సినవి

మీ కారు సర్వీస్ మాన్యువల్, అందులోని టార్క్ (బోల్టు ఎంత బలంతో బిగించాలో చెప్పే) అంకెలు. టార్క్ రెంచ్, పొడవాటి పిడి పానా, జాకీ, నాలుగు స్టాండ్లు, చక్రాల అడ్డుదిమ్మలు. బాల్ జాయింట్ పుల్లర్. 10 లేదా 12 టన్నుల హైడ్రాలిక్ ప్రెస్. వెర్నియర్, పెయింట్ పెన్ను, హాక్సా బ్లేడులు, సన్న ఉలి, వైరు బ్రష్, 120 నంబరు ఎమరీ పేపర్. తుప్పు వదిలించే నూనె. పాలీకి సిలికాన్ గ్రీజు, కిట్‌తో ఇచ్చింది చాలకపోతుంది కాబట్టి ఇంకో ట్యూబు. కొత్త బోల్టులు, నట్లు. కోణం లెక్కన బిగించమని మాన్యువల్‌లో ఉన్న బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి. నైలాన్ రింగు నట్లు కూడా మళ్లీ వాడొద్దు.

ప్రెస్ లేకపోతే ఎం12 లేదా ఎం14, 10.9 గ్రేడు పొడవాటి బోల్టు, మందపాటి వాషర్లు, గొట్టం ముక్కలతో లాగే అమరిక చేసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు మెత్త మర కడ్డీ ఇందుకు పనికిరాదు, మర ఊడిపోతుంది. బోల్టు మరకి గ్రీజు పట్టించండి.

గొట్టం ముక్కల కొలతలే పనిని సాఫీగా నడిపిస్తాయి. బుష్ బయటి కొలత 45 మి.మీ. అయితే, అది దూరి బయటికి రావాల్సిన గొట్టం లోపలి కొలత 46 నుంచి 47 మి.మీ. ఉండాలి. నెట్టే బిళ్ల 44 మి.మీ. చాలు. ముందే వెతికి పెట్టుకోండి. ఆర్మ్ ప్రెస్ మీదుండగా సరిపడే గొట్టం కోసం వెతుకులాట మొదలైతే ఆ రోజు పని ముగియదు.

విప్పడం

1. రెండు రోజుల ముందు నుంచే బోల్టులకి తుప్పు వదిలించే నూనె పట్టించండి. క్యాంబర్ (చక్రం నిలువు వాలు), టో సర్దే క్యామ్ బోల్టులు స్లీవ్‌లో తుప్పుపట్టి పట్టేసుకోవడం పాత కార్లలో మామూలు, ఎంఎక్స్-5ల్లో మరీను. అవి రాకపోతే సబ్‌ఫ్రేమ్‌కీ బుష్‌కీ మధ్య సందులో రంపంతో కోయాల్సిందే. కాబట్టి కొత్తవి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

2. కారు సమనేల మీద ఉండగా, ఇంధనం సగం ట్యాంకుతో, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా దూరం కొలిచి రాసుకోండి. చివర్లో బిగించడానికి ఈ నాలుగు అంకెలే ఆధారం. ఇది మర్చిపోతే తర్వాత దొరకవు.

3. క్యామ్ బోల్టు తల ఏ గీత దగ్గరుందో పెయింట్ పెన్నుతో గుర్తుపెట్టండి, ఫొటో తీసుకోండి.

4. కారెత్తి స్టాండ్ల మీద దించండి. బ్రేక్ క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. ఏబీఎస్ తీగ, హెడ్‌లైట్ ఎత్తు సెన్సర్ లింక్ విప్పండి.

5. స్ప్రింగు ఆర్మ్ మీదే కూర్చునే డిజైన్ అయితే ఆర్మ్ కింద జాకీ పెట్టి, స్ప్రింగ్ కంప్రెసర్‌తో స్ప్రింగుని అదుపులో పెట్టాకే బోల్టు తీయండి. నొక్కుకుని ఉన్న స్ప్రింగు బయటికి ఎగిరితే ప్రాణం పోతుంది.

6. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపుకి వెళ్లండి. అమరికలో అనుమానం వస్తే విప్పని వైపు చూసుకోవచ్చు.

పాత బుష్ బయటికి తీయడం

ముందు కిట్ కాగితం చదవండి. కొన్ని పాలీ బుష్‌లు పాత బయటి గొట్టాన్ని ఉంచమంటాయి, కొన్ని తీసేయమంటాయి. ఉంచాల్సిన గొట్టాన్ని కోసేస్తే ఆర్మ్ కొత్తది కొనాలి.

రబ్బరు బుష్ మళ్లీ రబ్బరు బుష్‌తోనే మారుస్తుంటే, దాని ఖాళీ సందులు ఏ దిక్కున ఉన్నాయో ఆర్మ్ మీద పెయింట్‌తో గీత గీయండి. రబ్బరులో అర్ధచంద్రాకారంగా ఖాళీ వదిలిన బుష్‌లు, బాణం గుర్తున్న బుష్‌లు ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండేలా చేసినవి. 90 డిగ్రీలు తప్పుగా ఎక్కిస్తే మీరు ఆపాలనుకున్న కదలికే ఎక్కువవుతుంది, ఆ బుష్ కూడా తొందరగా చిరుగుతుంది.

ప్రెస్ మీద పెట్టేటప్పుడు ఆర్మ్ బోర్ అంచు మీద మాత్రమే ఆనించండి. ఆర్మ్ పలక మీదో, చీలిన కొమ్ముల మీదో ఆనిస్తే వంగిపోతుంది. కొమ్ముల మధ్య బుష్ ఉన్న చోట, ఆ సందుకి సరిగ్గా సరిపడే లోహపు ముక్క ఇరికించి అప్పుడు నొక్కండి. కళ్లద్దాలు పెట్టుకోండి. పట్టేసిన బుష్ వదిలేటప్పుడు తుపాకి పేలినట్టు శబ్దం వస్తుంది.

కదలకపోతే నొక్కుడు పెంచుతూ పోవద్దు. రబ్బరు చుట్టూ వరుసగా రంధ్రాలు వేసి స్లీవ్‌ని, రబ్బరుని బయటికి నెట్టండి. మిగిలిన పల్చటి గొట్టంలోకి హాక్సా బ్లేడు దూర్చి, పిడిని మళ్లీ బిగించి, గొట్టం గోడని ఆ చివర నుంచి ఈ చివరకి కోయండి. బోర్‌ని తాకబోతుండగా ఆపండి. రంపం చప్పుడు మారుతుంది, లోహపు పొడి రంగు మారుతుంది. అల్యూమినియం ఆర్మ్ అయితే ఆ మెరిసే తెల్లటి పొడి చూడగానే చేయి ఆపాలి. ఆ గాటులో ఉలి పెట్టి లోపలికి మడిస్తే గొట్టం వదులై జారివస్తుంది. రబ్బరుని మంటతో కాల్చే పద్ధతి వద్దు. పొగ విషం, అల్యూమినియం ఆర్మ్ బలం కూడా ఆ వేడికి పోతుంది.

బోర్ లోపల తుప్పంతా వైరు బ్రష్‌తో, ఎమరీతో తీయండి. లోహాన్ని అరగదీయడం కాదు, శుభ్రం చేయడం వరకే. లోపలి కొలత రెండు దిక్కులా కొలవండి. రెండు అంకెల మధ్య తేడా ఉంటే బోర్ గుడ్డు ఆకారమైంది, కొత్త బుష్ నిలవదు.

కొత్తది ఎక్కించడం

రబ్బరు బుష్‌ని కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. ఆర్మ్‌ని హీట్ గన్‌తో కాస్త వేడి చెయ్యండి, 100 డిగ్రీలు దాటనివ్వొద్దు, బాల్ జాయింట్ రబ్బరు దగ్గరికి వేడి పోనివ్వొద్దు. ప్రెస్‌తో బయటి గొట్టం అంచు మీదే నెట్టండి. లోపలి స్లీవ్ మీద నెడితే రబ్బరు అతుకు మొదటి రోజే ఊడుతుంది. వంకరగా మొదలైతే వెంటనే ఆపి, బయటికి తీసి మళ్లీ పెట్టండి. వంకర తనంతట తాను సర్దుకోదు.

గొట్టం లేకుండా ఆర్మ్ కడ్డీ మీద నేరుగా రబ్బరు ఎక్కే బుష్‌లకి సబ్బు నీళ్లు వాడండి, నూనె గానీ గ్రీజు గానీ వద్దు. నీళ్లు ఆరేలోపే సరైన చోటికి నెట్టి, కారుని చక్రాల మీదకి దించాలి. ఆరాక రబ్బరు కడ్డీని పట్టేస్తుంది, అప్పుడున్న కోణమే దాని కోణం.

పాలీ అయితే ప్రెస్ అవసరం చాలాసార్లు ఉండదు, బెంచ్ వైస్ చాలు. రెండు ముక్కలు రెండు వైపుల నుంచి దూర్చండి. స్లీవ్ తిరిగే లోపలి గోడకి, బ్రాకెట్‌కి ఆనే పక్క అంచులకి సిలికాన్ గ్రీజు దండిగా పట్టించండి. మామూలు పెట్రోలియం గ్రీజు వద్దు. కొన్నాళ్లకే కడుక్కుపోయి కీచుమంటుంది, కొన్ని రకాల పాలీని ఉబ్బిస్తుంది కూడా.

ఇక్కడే చాలామంది వదిలేసే కొలత ఒకటుంది. రెండు పాలీ ముక్కలు పూర్తిగా కూర్చున్నాక వాటి మొత్తం వెడల్పు కొలవండి, స్లీవ్ పొడవు కొలవండి. స్లీవ్ రవ్వంత పొడవుండాలి. అప్పుడు బోల్టు బిగిస్తే బ్రాకెట్ స్లీవ్‌ని పట్టుకుంటుంది, పాలీ స్వేచ్ఛగా తిరుగుతుంది. పాలీయే వెడల్పుగా ఉంటే బ్రాకెట్ దాన్ని నలిపేస్తుంది, ఆర్మ్ తిరగదు, కీచుడు ఆగదు. అలా ఉంటే చదునైన పలక మీద ఎమరీ పరిచి పాలీ అంచుని సమంగా రాయండి.

షాక్, యాంటీ రోల్ బార్ లింక్ తగిలించకముందే ఆర్మ్‌ని బిగించి చేత్తో తిప్పి చూడండి. కాస్త బరువుగా, ఒకేలా తిరగాలి. ఓ చోట పట్టి ఇంకో చోట వదులైతే స్లీవ్ వంకరగా ఉంది, లేదా బ్రాకెట్ వంగింది.

బిగించడం

గాలిలో వేలాడుతున్న ఆర్మ్‌కి రబ్బరు బుష్ బోల్టు బిగించేయడమే ఈ పనిలో ఎక్కువగా జరిగే తప్పు. దాని ఫలితం అంకెల్లో చూడండి. ఆర్మ్ పొడవు 300 మి.మీ., వేలాడుతున్నప్పుడు చక్రం మామూలు ఎత్తు కంటే 90 మి.మీ. కిందికి దిగుతుందనుకోండి. అక్కడ బిగిస్తే, కారు నేల మీద ఊరికే నిలబడి ఉన్నప్పుడే రబ్బరు 17 డిగ్రీలకి పైగా మెలితిరిగి ఉంటుంది. దాని మీద ఇంకో 60 మి.మీ. గుంత దెబ్బ పడితే మెలిక 29 డిగ్రీలకి చేరుతుంది. రబ్బరు కొన్ని నెలలకే అతుకు దగ్గర చిరుగుతుంది. ఈలోగా కారు కాస్త ఎత్తుగా కూర్చుంటుంది, గట్టిగా అనిపిస్తుంది. అది మెరుగుదల అనుకుని చాలామంది మోసపోతారు.

సరైన పద్ధతి: బోల్టులన్నీ చేత్తో బిగించి వదిలెయ్యండి. చక్రాలు తొడిగి, గట్టి ర్యాంపుల మీదకో, చక్రాల కింద పేర్చిన మందపాటి చెక్క దిమ్మల మీదకో దించండి. కారుని నాలుగైదు సార్లు అదిమి వదలండి. ఫెండర్ దూరం ముందు రాసుకున్న అంకెకి వచ్చిందని చూశాకే టార్క్ రెంచ్ పట్టండి. ర్యాంపులు లేకపోతే హబ్ కింద జాకీ పెట్టి ఆ దూరం వచ్చేదాకా ఎత్తొచ్చు. కానీ కారు స్టాండ్ మీంచి లేస్తుంటే అక్కడే ఆపండి.

స్ప్రింగులు కూడా మారుస్తుంటే పాత అంకెలు పనికిరావు. కొత్త ఎత్తు కుదిరాకే ఆఖరి బిగింపు. కాయిలోవర్ (ఎత్తు మార్చగలిగే షాక్-స్ప్రింగు జత) ఎత్తు తర్వాత ఎప్పుడు మార్చినా, ఆర్మ్ బోల్టులు వదులు చేసి, కారు నేల మీద ఉండగా మళ్లీ బిగించాలి. పాలీకి, స్ఫెరికల్ బేరింగ్‌కి ఈ నియమం వర్తించదు, అవి తిరుగుతాయి కాబట్టి. ఒకే ఆర్మ్‌కి ఒకటి రబ్బరు, ఒకటి పాలీ ఉంటే మాత్రం వర్తిస్తుంది.

బోల్టు కదలకుండా పట్టుకుని నట్టుని తిప్పి బిగించండి. స్లీవ్‌లో ఉండే బోల్టు ఒంటికి తుప్పు పట్టని పేస్ట్ పల్చగా రాయండి, మరకి వద్దు. మర జారుడుగా ఉంటే అదే టార్క్ అంకెకి బోల్టు ఎక్కువగా సాగుతుంది.

అలైన్‌మెంట్, మొదటి కిలోమీటర్లు

బుష్‌లు మార్చాక పాత సెట్టింగ్ నిలవదు, గుర్తుల మీదే బిగించినా సరే. అలైన్‌మెంట్ షాపు దాకా నడపడానికి ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనక అంచుల మధ్య దూరం టేపుతో కొలవండి. తేడా 2, 3 మి.మీ. లోపు ఉంటే మెల్లగా వెళ్లొచ్చు. షాపులో ముందు నాలుగు చక్రాల సెట్టింగ్ కంపెనీ అంకెలకి పెట్టించి, కొన్నాళ్లు నడిపాకే మార్పులు చెయ్యండి. మెత్తటి బుష్‌ల నలుగుడుకి సరిపెట్టడానికి ఎక్కువ టో-ఇన్ పెట్టుకుని ఉంటే, ఇప్పుడది అక్కర్లేదు. తగ్గిస్తే టైరు అరుగుదల కూడా తగ్గుతుంది.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ప్రతి బోల్టు టార్క్ మళ్లీ చూడండి. కోణం లెక్కన బిగించినవాటిని తిప్పొద్దు, పెయింట్ గీత గీసి ఉంచి అది కదిలిందేమో చూడండి చాలు.

చప్పుళ్లని బట్టి తప్పు పట్టుకోవడం

చిన్న గతుకుల మీద, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కీచుమంటే పాలీలో గ్రీజు లేదు, లేదా పక్క అంచులు బ్రాకెట్‌కి నలుగుతున్నాయి. బ్రేకు తొక్కిన మొదటి క్షణంలో ఒక్కసారి టక్కుమని, వదిలినప్పుడు మళ్లీ టక్కుమంటే ఆర్మ్ బోల్టు బిగువు చాలదు, స్లీవ్ బ్రాకెట్‌లో జారుతోంది. ఆలస్యం చేస్తే బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరుగుతుంది, కాబట్టి దీన్ని ఆ రోజే చూడాలి. ఒక చక్రం మాత్రమే గుంతలో దిగినప్పుడు చప్పుడొచ్చి, రెండూ కలిసి దిగినప్పుడు రాకపోతే యాంటీ రోల్ బార్ బుష్ గానీ లింక్ గానీ చూడండి.

చప్పుడేమీ లేకుండా వెనక భాగం మలుపు మధ్యలో ఉన్నట్టుండి జారిపోతుంటే షాకుల సెట్టింగ్ మార్చేముందు వెనక స్ప్రింగులు, షాకులు తీసి ఆర్మ్‌ని జాకీతో పూర్తి ప్రయాణం పైకీ కిందికీ ఆడించండి. ఎక్కడైనా బరువు ఒక్కసారిగా పెరిగితే ఆ చోట ఏదో బుష్ బిగుసుకుంటోంది. బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తూ పోతే ఏది వదులయ్యాక తేలికైందో అదే దొంగ. అక్కడ పాలీ తీసి గట్టి రబ్బరో, స్ఫెరికల్ బేరింగో వెయ్యండి.

పాలీ బుష్‌లకి ఏడాదికోసారి, నీళ్లలో, బురదలో ఎక్కువ నడిపితే ఇంకా ముందే, బోల్టు తీసి స్లీవ్ బయటికి లాగి కొత్త గ్రీజు పట్టించండి. గ్రీజు నిప్పుల్ ఉన్న రకమైతే విప్పకుండానే గన్‌తో పెట్టొచ్చు. స్ఫెరికల్ బేరింగ్‌లని మాత్రం ప్రతి ట్రాక్ రోజుకీ ముందు చక్రం పట్టుకుని ఆడించి చూడాలి. వేలికి ఏ కాస్త ఆట తగిలినా ఆ బేరింగ్ మార్చాకే కారు బయటికి తీయండి.